ఏడింటికి ఫోను ఎక్కడుండాలి?



ఇవాళ్టి మాటలు తెరల గురించి. ఫోను తెర, టీవీ తెర, ఆఫీసులో కంప్యూటరు తెర. వాటిని తీసి అవతల పారేయమని నేను చెప్పబోవట్లేదు. రోజులో కాసేపు వాటిని ఎట్లా ఆపాలి, ఆపిన అలవాటు నాలుగు రోజుల్లో చెడిపోకుండా ఎట్లా నిలబెట్టుకోవాలి, ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం.

మీలో కొందరు ఈ ప్రసంగాన్ని ఫోన్‌లోనే, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వింటూ ఉంటారు. ఏం ఫర్వాలేదు. తెర ఆర్పేసి ఫోన్ని బోర్లా పెట్టండి. నా గొంతు ఆగదు. రేడియోతో ఉన్న సుఖమే అది. చెవి ఒకటి ఇటు పడేస్తే చాలు. చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవచ్చు, బర్రెకు గడ్డి వేసుకోవచ్చు.

మాది అనంతగిరి. కోదాడ పక్కన ఉన్న అనంతగిరి. ఎందుకు విడమరిచి చెప్తున్నానంటే, అనంతగిరి అనగానే హైదరాబాదు వాళ్లకు వికారాబాదు కొండలు గుర్తొస్తాయి. శని, ఆదివారాలు కార్లు వేసుకుని ఆ కొండలకు పోతారు. ఫోన్లకూ ఆఫీసులకూ దూరంగా రెండు రోజులు గడిపి వస్తామంటారు. పోయిన పది నిమిషాలకే స్టేటస్‌లో కొండ ఫొటో కనిపిస్తుంది. సరే, వాళ్ల సరదా వాళ్లది. మనది వరిపొలాల అనంతగిరి. విరామం కోసం మనం ఎక్కడికో పోలేం. నాట్లప్పుడు పోలేం, కోతలప్పుడు అసలే పోలేం. ఏడాదికి రెండు రోజులు దొరికే విరామం మన కళ్లకు సరిపోదు కూడా. మనకు కావాల్సింది ఇంట్లోనే, రోజూ దొరికే విరామం.

ఫోను మన ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. అంతవరకు కోదాడ మండలంలో ఉన్న మన ఊరు మండల కేంద్రమైంది. దానికి నెల రోజుల ముందే, సెప్టెంబరులో, జియో వచ్చింది. సిమ్ము ఉత్తగానే, నెట్టూ ఉత్తగానే. అంటే మన మండలం వయసూ, మన ఊళ్లలో నెట్టు వయసూ దాదాపు ఒకటే. అయినా అప్పట్లో ఫోను పెద్దవాళ్ల జేబులోనే ఉండేది. పిల్లల చేతికి వచ్చింది కరోనాలో. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంట్లో ఫోను కొన్నారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో, క్లాసులు ఒకే టైముకు పడుతున్నాయని, రెండో ఫోను కొన్నారు. తప్పేమీ లేదు. ఆ రోజు అది అవసరం. తర్వాత బళ్లు తెరిచారు. పిల్లలు బడికి పోయారు. ఫోను మాత్రం వాళ్ల చేతుల్లోనే మిగిలింది. తిరిగి తీసుకునే రోజు ఏదో ఎవరూ చెప్పలేదు, మనమూ పెట్టుకోలేదు.

అంతకుముందు మనకు విరామం లేదా అంటే, ఉండేది. కరెంటు వాళ్లు ఇచ్చేవాళ్లు. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. సాయంత్రం కోత పడితే టీవీ ఆగేది. ఉక్కపోతకు వీధంతా అరుగుల మీదికి వచ్చేది. ఎవరింట్లో ఏం కూర, ఎవరి పొలంలో ఏం తెగులు, ఎవరి పిల్లకు ఏ సంబంధం, అన్నీ ఆ చీకట్లోనే తేలేవి. కోత బాగుండేదని నేననను. పొలంలో మోటరు ఆగి పైరు ఎండితే ఆ కడుపుకోత పడ్డవాళ్లకే తెలుసు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చినప్పుడు అందరమూ సంతోషపడ్డాం. కానీ ఒక్కటి గమనించండి. ఆ కోత అందరికీ ఒకేసారి పడేది. మా ఇంట్లో టీవీ ఆగి పక్కింట్లో మోగుతూ ఉంటే మా పిల్లలు పక్కింటికి ఉరికేవాళ్లు. అందరికీ ఆగింది కాబట్టే అందరూ బయటికొచ్చారు. ఇప్పుడు ఎప్పుడన్నా కరెంటు పోయినా ఫోన్లో చార్జింగు ఉంటుంది. చీకట్లో ఎవరి ముఖం మీద వాళ్ల వెలుగు.

ఈ మాట మనసులో పెట్టుకోండి. అందరికీ ఒకేసారి ఆగాలి. మళ్లీ ఇక్కడికే వస్తాను.

ముందు, అసలు ఆపడం ఎందుకో కాస్త చెప్తాను. కంటిలో ఒక చిన్న కండరం ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది బిగుసుకుంటుంది. దూరం చూస్తే వదులవుతుంది. జానెడు దూరంలో ఫోను పెట్టుకుని గంటసేపు చూస్తే, ఆ గంటసేపూ అది బిగుసుకునే ఉంటుంది. రెండోది రెప్ప. మామూలుగా మనం నిమిషానికి ఇంచుమించు పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. రెప్ప పడినప్పుడల్లా కంటికి తడి అందుతుంది. పడకపోతే కన్ను ఆరిపోతుంది. మంట, దురద, ఇసుక పడ్డట్టు గరగర. చాలామంది దాన్ని దుమ్మనుకుని కళ్లు నులుముకుంటారు.

కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లకు ఒక సులువైన లెక్క ఉంది. జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికా కంటి నిపుణుడు చెప్పింది. ఇరవై నిమిషాలకు ఒకసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకండ్లు చూడాలి. అంతే. మళ్లీ చెప్తున్నాను. ఇరవై నిమిషాలకోసారి. ఇరవై అడుగుల దూరం. ఇరవై సెకండ్లు. మీసేవలో పనిచేసే అమ్మాయి ఒక కాగితం ప్రింటరులోంచి వచ్చేలోపు తలెత్తి గుమ్మంలోంచి రోడ్డు అవతలికి చూస్తే సరిపోతుంది. రైసుమిల్లులో లెక్కలు రాసే గుమస్తాకు కిటికీలోంచి వరసకట్టిన లారీలు కనపడతాయి. చివరి లారీ నంబరు చదివితే చాలు. హైదరాబాదులో ఫ్లాటులో ఉన్నవాళ్లకు ఇరవై అడుగుల దూరం దొరకడమే కష్టం. ఎటు చూసినా గోడే. మనకు గడపలో నిలబడితే ఎదురింటి పిట్టగోడ, దాని వెనక వేపచెట్టు, ఆ వెనక పొలం. ఈ ఒక్క విషయంలో మనం షావుకార్లం.

ఇది పనిచేసేవాళ్ల కంటికి. పిల్లల సంగతి ఇంతతో సరిపోదు. కన్ను ఇంకా పెరుగుతున్న వయసు వాళ్లది. దగ్గరివే చూస్తూ, వెలుతురులోకి పోకుండా ఉంటే దూరపుచూపు మసకబారే అవకాశం ఎక్కువ. దాన్ని డాక్టర్లు హ్రస్వదృష్టి అంటారు. నల్లబల్ల మీద అక్షరం కనపడదు, పుస్తకంలో అక్షరం కనపడుతుంది. తైవాన్ దేశంలో ఈ ఇబ్బంది ఏటేటా పెరుగుతుంటే, 2010లో బళ్లలో ఒక పద్ధతి పెట్టారు. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండాలి. మందు లేదు, మాకు లేదు. పగటి వెలుతురు. కొన్నేళ్లకు ఆ పెరుగుదల ఆగి తగ్గుముఖం పట్టింది. మనకు కంటి వెలుగు శిబిరాలు గుర్తున్నాయి కదా. 2018 ఆగస్టు 15న మొదలయ్యాయి. రెండో విడత 2023 జనవరిలో మన పక్కనే ఖమ్మంలో ప్రారంభించారు. ఊరూరికీ వచ్చి అద్దాలు ఇచ్చారు. చత్వారం వచ్చిన పెద్దవాళ్లకు అవి ఎంతో మేలు చేశాయి. పిల్లలకు ఆ అద్దాల దాకా పోకుండా చూసుకోవడం మన చేతిలో పని.

ఇంకా చిన్న పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. రెండేళ్లు నిండని పిల్లలకు తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దంది. మనం అన్నం పెట్టేటప్పుడే ఆ గంట దాటిస్తున్నాం. ముద్దకో పాట. ఫోను ముందు పెడితే నోరు తెరుస్తాడు, తీస్తే మూస్తాడు. తల్లికి పని తొందరలో అది దారి చూపించింది, నేను తప్పుపట్టను. కానీ ఏం తింటున్నాడో, కడుపు నిండిందో లేదో ఆ పిల్లవాడికి తెలియట్లేదు. రోజుకు ఒక్క పూట, ఒక్క పూటైనా, ఫోను లేకుండా తినిపించి చూడండి. మొదట్లో గిన్నె ఎగరేస్తాడు. ఎగరేయనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆపాలని అందరికీ తెలుసు. "ఆ ఫోను పక్కన పెట్టరా" అని రోజుకు ఎన్నిసార్లు అంటున్నామో లెక్కలేదు. మరి ఎందుకు ఆగట్లేదు? ఒక్కడినే ఆపమంటున్నాం కాబట్టి. కొడుకును పెట్టమంటూ నాయిన యూట్యూబు చూస్తుంటాడు. కోడలిని అంటూ అత్తమ్మ సీరియల్ చూస్తుంటుంది. పిల్లవాడు పైకి అనడు గానీ వాడికి అన్నీ కనపడతాయి.

దీనికి దారి చూపించిన ఊరు ఒకటుంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా. ఊరి పేరు మోహిత్యాంచే వడగావ్. చెరకు పండించే రైతుల ఊరు. కరోనా తర్వాత అక్కడి పిల్లలదీ మన పిల్లల కథే. బడి నుంచి రాగానే ఫోను, పెద్దవాళ్లకేమో టీవీ. 2022 ఆగస్టు 15 నుంచి ఆ ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఫోన్లూ టీవీలూ ఆపేస్తారు. ఎనిమిదిన్నరకు మళ్లీ మోగుతుంది. అప్పుడు ఎవరి ఇష్టం వాళ్లది. మధ్యలో గంటన్నర. పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు.

మొదట్లో నవ్వారట. ఫోను ఆపడానికి సైరన్ ఏంటని మగవాళ్లు ఎగతాళి చేశారట. అప్పుడు ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు. ఫోన్లూ సీరియళ్లూ ఎక్కువైపోయాయని వాళ్లే ఒప్పుకున్నారు. తర్వాత ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, రిటైరైన పంతుళ్లు ఇల్లిల్లూ తిరిగారు. అట్లా నిలబడింది. ఇందులో నాకు నచ్చింది సైరన్ కాదు. ఆ సైరన్ సర్పంచికీ మోగుతుంది, మూడో తరగతి పిల్లవాడికీ మోగుతుంది. ఎవరికీ మినహాయింపు లేదు. ఎవరూ ఎవరినీ తిట్టాల్సిన పనిలేదు.

మన వైపు ఇట్లాంటి కట్టుబాట్లు నిలవవని అనుకోకండి. కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ పొద్దున మైకుల్లో జాతీయగీతం వేస్తున్నారు. ఆ యాభై రెండు సెకండ్లు ఊళ్లోవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడతారు. మన నల్లగొండలోనూ 2021 జనవరి నుంచి ఉదయం ఎనిమిదిన్నరకు కూడళ్లలో జాతీయగీతం వినిపిస్తున్నారు. ఆటోలు ఆగుతాయి, చాయ్ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగుతుంది. ఒక చప్పుడు, ఒక వేళ, అందరూ. ఆ మూడూ కుదిరితే ఎంత హడావుడిలో ఉన్నవాడైనా ఆగుతాడు.

మనకు సైరన్ దాకా అక్కర్లేదు. ఊరంతా ఒప్పుకునేదాకా ఆగనూ అక్కర్లేదు. మీ ఇంటితో మొదలుపెట్టండి. నేను చెప్పేది ఇదొక్కటే. ఒకే వేళ. ఒకే చోటు. ఇంట్లో అందరూ.

ఒకే వేళ అంటే గడియారం చూసుకుని పెట్టుకోకండి. గడియారం ఫోన్లోనే ఉంది, చూడబోతే ఇంకేదో చూస్తాం. రోజూ ఎట్లాగూ వినపడే చప్పుడుకు ముడిపెట్టండి. పొద్దుగూకే వేళ మసీదులో అజాన్ వినపడుతుంది. గుడిలో సాయంత్రం మైకు వేస్తారు. బర్రెలున్న ఇంట్లో పాలకేంద్రానికి క్యాను తీసుకుపోయి వచ్చేవేళ ఉంటుంది. ఆ క్యాను కింద పెట్టిన చప్పుడే మీ సైరన్ అనుకోండి. కిరాణా కొట్టువాళ్లకు ఏడింటికి బేరం ఎక్కువ, ఫోన్‌పే డబ్బా అరుస్తూనే ఉండాలి. వాళ్లు కొట్టు కట్టేసి అన్నానికి కూర్చున్న వేళ పెట్టుకోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు వాళ్ల ఫోను వచ్చే టైము వదిలేసి ఇంకోటి చూసుకోండి. ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ.

ఒకే చోటు అంటే, ఫోన్లన్నీ ఒక దగ్గర. పాత ఇళ్లలో గోడకు గూడు ఉంటుంది. లేదంటే ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా మీద. చార్జర్లు కూడా అక్కడికే మార్చండి. మంచం పక్కన చార్జరు ఉన్నంతకాలం ఫోను మంచం మీదే పడుకుంటుంది. అర్ధరాత్రి దాకా రీల్సు చూసేవాళ్లకు నిద్ర చెడేది అక్కడే.

మరి అర్జంటు ఫోను వస్తే? ఫోను ఆపేయమని నేను అనట్లేదు. గంట మోగేట్టు పెట్టండి. ఎవరన్నా చేస్తే లేచిపోయి, నిలబడి మాట్లాడి, మళ్లీ అక్కడే పెట్టిరండి. మోటరు స్టార్టరుకు సిమ్ము ఉన్న రైతు ఒక్క ఫోను చేసుకుంటే ఏమీ కాదు. మనం ఆపాల్సింది తెర. పిలుపును కాదు.

ఇది ఫోను మీద కోపంతో చెప్పేది కాదని రైతులకు వేరే చెప్పక్కర్లేదు. వరికి నీళ్లు ప్రాణం. అయినా పిలకలు వేసే దశలో మధ్యమధ్య నీళ్లు తీసేసి పొలం ఆరగడతాం. ఆరగడితే వేళ్లకు గాలి తగిలి లోతుకు దిగుతాయి. ఎప్పుడూ నీళ్లు నిలవున్న మడిలో వేళ్లు పైపైనే ఉంటాయి, గాలివానకు పైరు పడిపోతుంది. ఆరగట్టిన రైతును నీళ్లంటే గిట్టనివాడు అని ఎవరూ అనరు. మళ్లీ నీళ్లు పెట్టడానికే ఆరగట్టాడు. మన పిల్లల సంగతి కూడా అట్లాగే చూడండి. రేపు వాళ్ల చదువూ ఉద్యోగమూ తెర మీదే. సాయంత్రం గంట ఆరనివ్వండి.

మొదటి వారం ఎట్లా ఉంటుందో చెప్తాను, లేకపోతే మూడో రోజే వదిలేస్తారు. మొదటి పావుగంట ఎవరికీ ఏం తోచదు. పిల్లవాడు గునుస్తాడు. పెద్దవాళ్లు జేబు తడుముకుంటారు. ఇంట్లో మాటలు రావు. రోజూ మాట్లాడుకోవడం మానేసిన ఇంట్లో మాటలు ఒక్కసారిగా ఎట్లా వస్తాయి? ఏదన్నా పని పెట్టుకోండి. కూరగాయలు తరగండి, అష్టాచెమ్మా గీయండి, పిల్లవాడి నోట్సు తిరగేయండి. ఆరుబయట కూర్చుందామంటే దోమలు. వేపాకు పొగ వేసుకోండి, ఆ పొగ వేయడం కూడా పిల్లలకు ఒక పనే.

చేతికి పని ఉంటే ఫోను గుర్తుకు రాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు పాటలో పడి గంటలు గంటలు ఫోను జోలికి పోరు. పోయేవారు కాదు అనాలి. ఇప్పుడు చుట్టూ తిరుగుతున్నవాళ్లకన్నా వీడియో తీసేవాళ్లు ఎక్కువయ్యారు. ఈసారి ఒక్కరిని తీయనివ్వండి. మిగతావాళ్లు ఆడండి. వీడియో ఎట్లాగూ గ్రూపులో అందరికీ వస్తుంది.

మళ్లీ ఇంటి సంగతికి వస్తే, ఇంట్లో ఒకళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడుగుతారు. సాధారణంగా ఆ ఒకళ్లు ఇంటి పెద్దే అయి ఉంటారు. వార్తలు చూడాలంటారు, మార్కెట్ ధర చూడాలంటారు. నేను చెప్పే ఉపాయం ఇది. ఫోన్ల లెక్క చూసే పని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకు అప్పగించండి. వేళ కాగానే గూటి దగ్గర నిలబడి లెక్క చూస్తారు. నాలుగు ఫోన్లుండాలి, మూడే ఉన్నాయి, తాతా నీదేది అని అడుగుతారు. మనవరాలు చెయ్యి చాపి అడిగితే ఇవ్వని తాత మన వైపు ఊళ్లలో ఉంటాడని నేను అనుకోను. ఇవాళ సాయంత్రమే అడిగించి చూడండి.